మూడు జైళ్లు చూసిన మన మార్గరెట్టమ్మ

బాయ్‌కాట్ అనే మాట మన వ్యవసాయ కూలి సంఘాలకు కొత్త కాదు. కూలి పెంచనంటే ఆ ఆసామి చేలోకి దిగేది లేదు, బాయ్‌కాట్ అంటాం. మాట నిలబెట్టుకోని అధికారి మీటింగు పెడితే పోయేది లేదు, బాయ్‌కాట్ అంటాం. బడి ముఖం చూడని మన అక్కలు కూడా ఆ మాటను తెలుగు మాటలాగే వాడతారు. నిజానికి అది ఒక మనిషి పేరు. భూస్వామి తరఫున కౌలు వసూలు చేసే ఏజెంటు పేరు.

1880లో ఐర్లండు దేశం మేయో జిల్లాలో చార్లెస్ బాయ్‌కాట్ అనేవాడు లార్డ్ ఎర్న్ అనే పెద్ద భూస్వామి దగ్గర ఏజెంటుగా ఉండేవాడు. పంటలు దెబ్బతిన్నాయి, కౌలు తగ్గించండి అని రైతులు అడిగారు. విదిలించిన తగ్గింపు చాలదన్న వాళ్లకు భూమి ఖాళీ చేయమని నోటీసులు వచ్చాయి. రైతులు కత్తి పట్టలేదు. గడ్డివాము తగలబెట్టలేదు. ఆయన చేలో కోతకు ఎవరూ పోలేదు, అంతే. ఇంట్లో పనివాళ్లు మానేశారు. అంగడివాడు సరుకు అమ్మలేదు. చివరికి ఎక్కడి నుంచో 50 మంది కోత మనుషుల్ని తెచ్చి, వాళ్ల చుట్టూ సుమారు వెయ్యి మంది సైనికుల్ని, పోలీసుల్ని కాపలా పెట్టి పంట కోయించారు. దాదాపు 500 పౌన్ల విలువైన పంటకు 10,000 పౌన్ల దాకా ఖర్చయిందని లెక్క. ఏడాది తిరక్కముందే బాయ్‌కాట్ ఆ ఊరు విడిచి పోయాడు. పేరు మాత్రం లోకమంతటికీ మిగిలింది.

మేయోకు పక్క జిల్లా రాస్‌కామన్. అక్కడ బాయిల్ అనే చిన్న ఊళ్లో అప్పటికి రెండేళ్ల పాప ఒకతె ఉంది. 1878 నవంబరు 7న పుట్టిన మార్గరెట్ గిలెస్పీ. పెళ్లయిన తర్వాత మార్గరెట్ కజిన్స్. ఆ పాపే పెరిగి పెద్దదై, రెండు జైళ్లు చూసి, సముద్రాలు దాటి 1916లో మన మదనపల్లెకు వచ్చింది. మన దేశంలో ఆడవాళ్లకు ఓటు కావాలని అడిగిన తొలి అర్జీని రాసింది. మన జాతీయ గీతం బాణీని స్వరాల్లో పెట్టింది. మన స్వాతంత్ర్యం కోసం మూడో జైలుకు కూడా పోయింది.

హింస లేకుండా స్వేచ్ఛ కోసం, శాంతి కోసం పోరాడిన వీరులు ఎవరని అడిగితే గాంధీ పేరు చెబుతారు, మార్టిన్ లూథర్ కింగ్ పేరు చెబుతారు. చెప్పాల్సిందే. మేము ఆ వరుసలో మార్గరెట్టమ్మ పేరు కూడా చెబుతాం. వేరుశనగ పెరికే మాకూ ఆ దొరసానికీ ఏం సంబంధం అని మన కూలక్కలు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే అది. సంబంధం ఉంది. ఆమె పోరాటం ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో తెలిస్తే మనం ఎక్కడి నుంచి అందుకోవాలో తెలుస్తుంది.

జమీన్ల దేశం, జమీన్ల సీమ

ఐర్లండు అప్పుడు బ్రిటిష్ వాళ్ల కింద ఉంది. భూమి లార్డులది, సేద్యం రైతుది, పంట అమ్ముకున్న సొమ్ము కౌలుకే. 1845 తర్వాత ఆలుగడ్డకు తెగులు వచ్చి పెద్ద కరువు పడింది. దాదాపు 10 లక్షల మంది ఆకలితో, రోగాలతో చచ్చిపోయారు. ఇంకో 10 లక్షల మంది పొట్ట చేతపట్టుకుని పరాయి దేశాలకు పోయారు. అదే కాలంలో ఆ దేశపు రేవుల నుంచి ధాన్యం ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉంది. పండించినవాడు పస్తులుండగా పంట ఓడలెక్కడం అంటే ఏమిటో మన సీమకు చెప్పనక్కర లేదు. 1876-78 ధాతు కరువులో మన రాయలసీమా అదే చూసింది.

మన పడమటి తాలూకాల సంగతి ఐర్లండుకు దూరమేమీ కాదు. పుంగనూరు ఒక జమీను. కుప్పం చుట్టుపక్కల పల్లెలన్నీ కంగుంది జమీను. రైతు శిస్తు జమీందారుకు, జమీందారు పేష్కష్ దొరలకు. వీళ్లందరి అడుగున నిలబడి దున్నేవాడికి, కలుపు తీసేదానికి మిగిలేది కొలిచి పోసిన నాలుగు రాగులు. 1948లో మద్రాసు శాసనసభ జమీందారీల రద్దు చట్టం చేసేదాకా ఈ మెట్లు ఇట్లాగే ఉండినాయి.

ఇక్కడ నిజం ఒకటి చెప్పుకోవాలి. మార్గరెట్టమ్మ కూలి ఇంట్లో పుట్టలేదు. మధ్యతరగతి ప్రొటెస్టెంటు కుటుంబం. ఆ వర్గంలో ఎక్కువ మంది రాణిగారికి జై కొట్టేవాళ్లే. డబ్లిన్‌లో సంగీతంలో డిగ్రీ చదువుకుంది. 1903లో జేమ్స్ కజిన్స్ అనే కవిని పెళ్లి చేసుకుంది. పియానో వాయించుకుంటూ సుఖంగా బతకవచ్చు. ఆ బతుకు వద్దనుకుంది. అందుకే ఆమె మీద మాకు గౌరవం.

మొదటి జైలు, రెండో జైలు

1908లో మార్గరెట్, ఆమె స్నేహితురాలు హన్నా షీహీ స్కెఫింగ్‌టన్ కలిసి ఐరిష్ మహిళల ఓటు హక్కు సంఘం పెట్టారు. ఊరూరా తిరిగి, కూడళ్లలో బండ్లెక్కి మాట్లాడారు. గుడ్లు, రాళ్లు పడ్డాయి. బెదరలేదు.

1910 నవంబరులో లండన్‌లో ఆడవాళ్లు పార్లమెంటుకు ఊరేగింపుగా పోయారు. ప్రధానమంత్రికి ఒక తీర్మానం ఇవ్వాలని, అంతకన్నా ఏమీ లేదు. పోలీసులు వాళ్లను ఈడ్చారు, కొట్టారు. ఆ పోరాటంలోనే మంత్రుల ఇళ్ల కిటికీ అద్దాలు పగలగొట్టారని మార్గరెట్‌కు నెల రోజులు శిక్ష వేశారు. హాలోవే జైలు. అది మొదటిది.

ఐర్లండుకు స్వపరిపాలన ఇస్తామని బ్రిటిష్ ప్రభుత్వం బిల్లు తెచ్చింది. అందులో ఆడవాళ్లకు ఓటు లేదు. సవరణ పెడితే ఓడించారు. వచ్చే స్వరాజ్యం సగం మందికేనా అని అడుగుతూ 1913 జనవరిలో మార్గరెట్టూ సహచరులూ డబ్లిన్ కోట కిటికీ అద్దాలు పగలగొట్టారు. ఆ కోట బ్రిటిష్ అధికారానికి నట్టిల్లు. మళ్లీ నెల రోజులు, టల్లమోర్ జైలు. మమ్మల్ని దొంగల్లాగా కాదు, రాజకీయ ఖైదీలుగా చూడాలని అడిగారు. కాదంటే అన్నం మానేశారు. జైలు అధికారులే దిగివచ్చారు.

అద్దాలు పగలగొట్టినామె అహింసావాది ఎట్లా అవుతుంది అని కొందరంటారు. మేము దాపరికం లేకుండా చెబుతున్నాం. గాంధీ లెక్కలో అది తప్పే. కానీ ఆమె రాయి గాజు మీద పడింది, మనిషి మీద పడలేదు. దెబ్బలు తిన్నది ఆమె, ఆమె సహచరులు. తర్వాత మన దేశానికి వచ్చి గాంధీ దారి చూసినాక ఆ రాయి కూడా వదిలేసింది. మూడోసారి జైలుకు పోయినప్పుడు ఆమె చేతిలో ఏమీ లేదు. నోటిలో మాట ఉంది.

ఉపవాసం సంగతి ఇంకోటి. పూర్వం ఐర్లండులో ఒక ఆచారం ఉండేదట. పెద్దవాడు బాకీ పడితే, అన్యాయం చేస్తే, బాధితుడు పోయి వాడి గుమ్మం ముందు అన్నం మాని కూర్చునేవాడు. లోపలివాడు తింటూ కూర్చుంటే ఊరు చీదరించుకునేది. మన దేశంలో ధర్నా అన్న మాట పుట్టింది కూడా ఇట్లాగే, బాకీదారు వాకిట్లో కూర్చోవడం నుంచి. కూలి డబ్బులు ఎగ్గొట్టిన ఆసామి గుమ్మం ముందు మన ఆడవాళ్లు తట్టా పారా దించి కూర్చుంటారు చూడండి, అదే ఇది. ఎక్కడి ఐర్లండు, ఎక్కడి పుంగనూరు! పేదవాడి చేతికి దొరికిన ఆయుధం రెండు చోట్లా ఒకటే.

ఐర్లండుకు చెందిన మెక్‌స్వీనీ 1920లో 74 రోజులు ఉపవాసముండి జైల్లో ప్రాణం విడిచాడు. లాహోరు జైల్లో జతిన్ దాస్ 1929లో 63 రోజులు. మన పొట్టి శ్రీరాములు 1952లో 58 రోజులు. అన్నం మానడమంటే చేతగాక ఊరకుండడం కాదు. ఎదుటివాడికి నిద్ర లేకుండా చేయడం.

మదనపల్లెకు ఎందుకు వచ్చింది?

కజిన్స్ దంపతులు 1915లో మద్రాసుకు వచ్చారు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజం నాయకురాలు అనీ బిసెంట్ పిలిచింది. జేమ్స్‌కు ఆమె నడిపే న్యూ ఇండియా పత్రికలో ఉద్యోగం. దివ్యజ్ఞానం సంగతి ఎట్లా ఉన్నా, ఈ బిసెంట్ గురించి మన కార్మికులు తెలుసుకోవలసింది ఒకటుంది. 1888లో లండన్‌లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లలు సుమారు 1,400 మంది సమ్మె చేస్తే వాళ్ల పక్షాన రాసినామె, నిలిచినామె, గెలిపించినామె ఈమే. మదనపల్లెలో కాలేజీ పెట్టిందీ ఈమే.

1916 ఏప్రిల్‌లో ఈస్టర్ పండుగ రోజుల్లో డబ్లిన్‌లో బ్రిటిష్ వాళ్ల మీద తిరుగుబాటు లేచింది. దాన్ని అణచేటప్పుడు హన్నా భర్త ఫ్రాన్సిస్‌ను ఒక బ్రిటిష్ సైనికాధికారి విచారణ లేకుండా కాల్పించి చంపాడు. ఫ్రాన్సిస్ తుపాకి పట్టినవాడు కాదు. యుద్ధం వద్దని, చంపుకోవడం వద్దని ప్రచారం చేసినవాడు. ఆ గొడవల్లో దుకాణాలు దోచుకోవడం ఆపుదామని వీధుల్లో తిరుగుతూ పట్టుబడ్డాడు. అతనూ జేమ్సూ కలిసి ఆడవాళ్ల ఓటు కోసం ఐరిష్ సిటిజన్ అనే పత్రిక నడిపారు. ప్రాణస్నేహితులు. శాంతి కోరినవాడినే గోడకు నిలబెట్టి కాల్చిన సామ్రాజ్యం అది.

జేమ్స్ ఆ తిరుగుబాటును మెచ్చుకుంటూ న్యూ ఇండియాలో రాశాడు. ఉద్యోగం పోయింది. మదనపల్లె కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. అట్లా వచ్చారు వాళ్లిద్దరూ మన సీమకు, సామాను తక్కువ, దుఃఖం ఎక్కువ.

మార్గరెట్ కూడా ఆ కాలేజీలో మగపిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పింది. ఆ రోజుల్లో ఆడమనిషి మగపిల్లల కాలేజీలో పాఠం చెప్పడమే వింత. సాయంత్రాలు ఊళ్లో ఆడవాళ్లను కలిసేది. మదనపల్లెలో అబలాభివర్ధనీ సమాజం అని ఒక మహిళా సంఘం ఉండేది. అందులో పనిచేసింది. ఆ పేరు చూస్తే మనకు నవ్వు వస్తుంది. అబల అంటే బలం లేనిది. మదనపల్లె టమోటా మార్కెట్లో పాతిక కిలోల పెట్టె నెత్తికెత్తుకుని నడిచే మన అక్కను అబల అనండి చూద్దాం! ఆ పేరు పెట్టుకున్నది గడప దాటని ఇళ్ల ఆడవాళ్లు. గడప దాటకపోతే పూట గడవని ఆడవాళ్లు ఆ సమాజానికి అవతలే ఉండిపోయారు. ఈ గీత గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1917 జూన్‌లో బిసెంట్‌ను, ఆమె సహచరులు అరండేల్, వాడియాలను ప్రభుత్వం ఊటీలో నిర్బంధించింది. మదనపల్లె విద్యార్థులు హోమ్ రూల్ ఉద్యమంలోకి దూకారు. మద్రాసు విశ్వవిద్యాలయం ఈ కాలేజీకి గుర్తింపు తీసేసింది. కాలేజీ తల వంచలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ కులపతిగా ఉన్న జాతీయ విశ్వవిద్యాలయం కిందికి పోయింది. ఊటీలో నిర్బంధమున్న ఆ వాడియానే మరుసటి ఏడాది, 1918లో, బిన్నీ మిల్లు కార్మికులతో మద్రాసు లేబర్ యూనియన్ కట్టాడు. మన దేశంలో పద్ధతిగా ఏర్పడిన తొలి కార్మిక సంఘాల్లో అదొకటి.

1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె వచ్చారు. ఒక సాయంత్రం జనగణమన పాడి వినిపించారు. ఫిబ్రవరి 28న దాన్ని ఇక్కడే ఇంగ్లీషులోకి మార్చి రాశారు. సంగీతం చదివిన మార్గరెట్ ఆ బాణీని విని స్వరాలుగా రాసిపెట్టింది. 1950 జనవరి 24న అదే మన జాతీయ గీతమైంది. పంచాయతీ బళ్లో మన పిల్లలు జెండా ముందు నిలబడి పాడే పాట వెనుక రెండు జైళ్లు చూసి వచ్చిన ఒక ఐరిష్ ఆడకూతురి చెయ్యి ఉంది.

ఓటు అడిగిన అర్జీ

1917 మే నెలలో అడయారులో భారత మహిళా సంఘం పుట్టింది. మార్గరెట్, డొరతీ జినరాజదాస, అనీ బిసెంట్ దానికి మూలం. ఆ ఏడాది చివర్లో బ్రిటిష్ మంత్రి మాంటేగు మన దేశానికి వచ్చాడు, ఇండియాకు ఏమి సంస్కరణలు ఇయ్యాలో చూడడానికి. ఆడవాళ్ల చదువు గురించి మాట్లాడతాం, కలవనియ్యండి అని మార్గరెట్ అర్జీ పెట్టింది. రాజకీయ విషయమైతేనే కలుస్తారు అని జవాబొచ్చింది. మంచిది, రాజకీయమే మాట్లాడతాం అని ఆమె కాగితం తిరగరాసింది. మగవాళ్లతో సమానంగా మా ఆడవాళ్లకూ ఓటు కావాలి అని అందులో చేర్చింది.

1917 డిసెంబరు 18న మద్రాసులో సరోజినీ నాయుడు ముందు నడవగా మహిళల ప్రతినిధి వర్గం మాంటేగును కలిసింది. మన దేశపు ఆడవాళ్లు ఓటు అడగడం అదే మొదలు. దొరలు వెంటనే ఇచ్చారా? ఇయ్యలేదు. ఓటర్ల సంగతి తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ ఇండియా ఆడవాళ్లకు ఇంకా వేళ కాలేదు అంది. 1919 చట్టం ఆ ముడిని రాష్ట్రాల శాసనమండళ్ల మీదికి నెట్టింది. 1921లో మద్రాసు మండలి ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది. బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాల్లో ముందు వరుసలో నిలిచింది మన మద్రాసు రాష్ట్రమే. 1926లో పోటీ చేసే హక్కు వచ్చింది. మార్గరెట్ ప్రోత్సాహంతో కమలాదేవి ఛటోపాధ్యాయ ఆ ఏడాదే పోటీకి నిలిచి కొద్ది ఓట్లతో ఓడింది. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు మండలిలో కూర్చుని దేవదాసీ దురాచారం మీద పోరు మొదలుపెట్టింది. ఇదంతా మూణ్ణాలుగేళ్ల అర్జీల ఫలం కాదు, అడిగి అడిగి కాళ్లరిగేలా తిరిగిన పదేళ్ల ఫలం.

ఓటు యాడ ఆగిపోయింది?

ఇప్పుడు ఆ గీత దగ్గరికి వద్దాం. 1921లో ఓటు ఎవరికి వచ్చింది? భూమి పట్టా ఉన్నామెకు, పన్ను కట్టేటామెకు. మగవాడికైనా ఆ షరతే. ఆడవాళ్ల పేరున భూమి ఉండేది ఎంతమందికి? వేళ్ల మీద లెక్క. పుంగనూరు జమీనులో నడుం వంచి రాగి నాటు వేసే మాలమాదిగల ఆడబిడ్డకు ఓటు లేదు. ఆమె మొగుడికీ లేదు. కంగుంది జమీనులో గొర్రెలు కాసేవాడికీ, అడవిలో కట్టె కొట్టి కుప్పం సంతకు తెచ్చేదానికీ లేదు. ఆడవాళ్లు మగవాళ్ల మధ్య గోడ కొంచెం కూలింది. ఉన్నవాళ్లు లేనివాళ్ల మధ్య గోడ కూలలేదు.

మహిళా సంఘాల వాళ్లకూ ఇది తెలిసివచ్చింది. ఆస్తి ఉంటేనే ఓటు అంటే ఆడవాళ్లలో నూటికి ఒకరికైనా చాలినంత రాదు. 1927లో పుణెలో అఖిల భారత మహిళా సభ ఏర్పడింది. దానికి పిలుపు ఇచ్చినామె మార్గరెట్. ఆ సభ, భారత మహిళా సంఘం, మరో మహిళా సంస్థ కలిసి 1931లో వయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు కావాలి, ఆస్తి షరతు వద్దు అని గట్టిగా అడిగాయి. కరాచీ కాంగ్రెసు కూడా ఆ ఏడాదే వయోజన ఓటు అంది. బ్రిటిష్ వాళ్లు వినలేదు. 1935 చట్టంలో ఆస్తి ఉన్నామెకు, చదువు వచ్చినామెకు, ఆస్తి ఉన్నవాడి భార్యకు ఓటు అన్నారు. కూలిమనిషికి ఏ పేరూ తగలలేదు. ఆస్తి లేదు, చదువు లేదు, మొగుడికీ ఆస్తి లేదు.

కూలిమనిషికి ఓటు వచ్చింది 1950 జనవరి 26న, రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు. వేసింది 1951-52 ఎన్నికల్లో. మార్గరెట్ అర్జీ రాసిన తర్వాత 34 ఏళ్లకు. ఆ మధ్యలో ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా, జమీన్ రైతుల పోరాటాలు, తెలంగాణ సాయుధ పోరాటం, లక్షల మంది జైళ్లు, వేల మంది ప్రాణాలు ఉన్నాయి. ఎవరో ఒకరు ఇచ్చింది కాదు ఈ ఓటు.

ఇంకో మాట. ఆ తొలి ఎన్నికల జాబితాలు రాసేటప్పుడు ఉత్తరాదిన చాలామంది ఆడవాళ్లు పేరు చెప్పలేదు. ఫలానావాడి పెండ్లాం, ఫలానావాడి తల్లి అని రాయించారు. సొంత పేరు లేనిదే ఓటు లేదని ఎన్నికల కమిషన్ దాదాపు 28 లక్షల మందిని జాబితా నుంచి తీసేసింది. చట్టంలో హక్కు ఉంది, కాగితం మీద పేరు లేదు. హక్కు పోవడానికి తుపాకి అక్కర లేదు, జాబితాలో పేరు లేకపోతే చాలు.

మూడో జైలు

1932లో గాంధీతో సహా నాయకులంతా జైళ్లలో ఉన్నారు. ప్రభుత్వం అత్యవసర ఆర్డినెన్సులతో నోళ్లు కట్టేసింది. సభ పెడితే నేరం, పికెటింగు చేస్తే నేరం. మార్గరెట్‌కు అప్పటికి 54 ఏళ్లు. 1920లలోనే మద్రాసులో గౌరవ మెజిస్ట్రేటుగా కూర్చుంది, మన దేశంలో ఆ కుర్చీ ఎక్కిన తొలి ఆడమనిషి ఆమె. ఆ గౌరవం కాపాడుకుంటూ మౌనంగా ఉండవచ్చు. ఉండలేదు. డిసెంబరులో మద్రాసులో బహిరంగ సభలో నిలబడి ఆ ఆర్డినెన్సులు అన్యాయమని మాట్లాడింది. ఏడాది శిక్ష వేసి వేలూరు జైలుకు పంపారు. మన చిత్తూరు దాటితే వేలూరే. నిన్న మెజిస్ట్రేటు, నేడు ఖైదీ. 1933 అక్టోబరులో విడుదలైంది.

ఆ తర్వాత జేమ్స్ మదనపల్లె కాలేజీకి ప్రిన్సిపాలుగా మళ్లీ వచ్చాడు. ఆమె కూడా కొన్నేళ్లు ఇక్కడే ఉంది. 1936లో అఖిల భారత మహిళా సభకు అధ్యక్షురాలైంది. 1940లలో పక్షవాతం వచ్చి మంచాన పడింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజు, రాజ్యాంగం వచ్చిన రోజు, పేదింటి ఆడవాళ్లు తొలిసారి ఓటు వేసిన రోజు, మూడూ మంచంలో నుంచే చూసింది. 1954 మార్చి 11న కన్ను మూసింది.

ఆమె వదిలిపెట్టిన పని

మార్గరెట్టమ్మను మేము దేవతను చేయడం లేదు. ఆమె కూలి రేటు గురించి సమ్మె కట్టలేదు. భూమి పంపకం గురించి ఆమె సంఘాలు పెద్దగా మాట్లాడలేదు. వాటిలో ఉన్నది ఎక్కువగా చదువుకున్న ఇళ్ల ఆడవాళ్లే. అయినా పరాయి దేశంలో, పరాయి జనం కోసం, తన రంగు వాళ్ల ప్రభుత్వాన్నే ఎదిరించి, ఎవరి మీదా చెయ్యి ఎత్తకుండా జైలుకు పోయింది. ఆమె తీసిన తలుపు సందులో నుంచి మొదట పట్టా ఉన్నవాళ్లు లోపలికి పోయారు. ఆ తలుపును పూర్తిగా తెరిచింది శ్రమజీవుల పోరాటాలు. ఇద్దరి చేతులూ ఆ తలుపు మీద ఉన్నాయి.

మిగిలిన పని మనది. ఆడ కూలికీ మగ కూలికీ సమానంగా ఇయ్యాలని 1976లో చట్టం వచ్చింది. తర్వాత దాన్ని 2019 వేతనాల కోడ్‌లో కలిపారు. చట్టం పేరు మారింది, చేలో లెక్క ఎంత మారిందో పొద్దున కూలికి పోయే ప్రతి అక్కకూ తెలుసు. ఆడబిడ్డలకు పూర్వీకుల ఆస్తిలో సమాన వాటా అని మన ఆంధ్రప్రదేశ్ 1985లోనే సవరణ తెచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. పాసుపుస్తకంలో ఆడపేరు ఎన్ని ఇళ్లలో ఉంది? శాసనసభల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు అని 2023లో రాజ్యాంగ సవరణ చేశారు. అదీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతనే అని మెలిక పెట్టారు. మాంటేగు కాలం నుంచి వింటున్న మాటే, ఇంకా వేళ కాలేదు అని.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. చేతిలో చీపుర్లు, కారప్పొడి తప్ప ఏమీ లేవు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిలిచింది. చదువుకున్న పెద్దలు అబలలని పిలిచిన ఆడవాళ్లలో ఎక్కువ మంది కూలిచేతులవాళ్లే ఆ పని చేశారు.

మన పడమటి సీమలో పొట్టకూటికి వలస పోవడం ఇప్పుడు కొత్త సంగతి కాదు. కుప్పంలో రైలెక్కి బెంగుళూరు మేస్త్రీ పనికి పోతారు, ఇళ్ల పనులకు పోతారు. ఇంటికి తాళం ఉందని, మనిషి ఊళ్లో లేడని ఓటర్ల జాబితా సవరించేటప్పుడు పేరు ఎగిరిపోయే భయం మొదట వీళ్లకే. పోలింగు రోజు ఊరికి రావాలంటే కూలీ పోతుంది, చార్జీలూ పడతాయి. 1952లో ఫలానావాడి పెండ్లాం అని పేరు పోయింది. ఈనాడు ఊళ్లో లేదని పోకూడదు.

అందుకని మన సంఘాల కార్యకర్తలకు మేము చెప్పేది ఇది. వీధి నాటకాలు వేయండి, సభలు పెట్టండి, మంచిదే. దానికి ముందు ఓటర్ల జాబితా తెచ్చి ఎస్సీ కాలనీలో, తాండాలో, వలస పోయిన ఇళ్ల ముందు కూర్చుని పేరు పేరునా చదవండి. లేని పేరుకు అక్కడే దరఖాస్తు రాయండి. రాసేటప్పుడు ఆమె పేరు ఆమె నోటనే అడగండి. భూమి కాగితాల్లో ఆడపేరు ఉందో లేదో అడగండి. ఆడ కూలి ఎంత, మగ కూలి ఎంత అని రాసుకోండి. తేడా ఉంటే ఆసామి గుమ్మం ముందు అందరూ కలిసి కూర్చోండి. రాయి వద్దు. బూతు వద్దు. లేవడం మాత్రం వద్దు.

ఆమె మన ఓటు కోసం అర్జీ రాసింది, మన స్వేచ్ఛ కోసం జైలుకు పోయింది. మనం జాబితాలో పేరు చూసుకోవడానికి పంచాయతీ ఆఫీసుకైనా పోదాం.